దొరికిందమ్మ మూడో పరీక్ష

బస్టాండులో ఆరో నంబరు ప్లాట్‌ఫారం చివర, పార్సిళ్ళ గోడౌనుకీ డ్రైవర్ల విశ్రాంతి గదికీ మధ్య ఇరుక్కుని ఒక గది ఉంది. చువ్వల కిటికీ, కిటికీ మీద ‘పోయిన సామాన్లు’ అనే బోర్డు, లోపల నేల నుంచి కప్పు దాకా ఇనుప అరలు. అరల్లో గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, కళ్ళజోళ్ళు, ఒక చంకకర్ర. చంకకర్ర మరిచిపోయి బస్సు దిగినవాడు ఇంటికి ఎలా నడిచాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ గదిలో పదహారేళ్ళుగా కూర్చుంటున్నావిడకి కండక్టర్లు పెట్టిన పేరు దొరికిందమ్మ. వెతుకుతున్న వస్తువు అరలో కనపడగానే, పోగొట్టుకున్నవాళ్ళకంటే ముందు తనే సంబరపడిపోయి “దొరికిందమ్మా!” అని కేకేసేది. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ పదహారేళ్ళలో ఆవిడకి ఒక విద్య పట్టుబడింది. మనిషి పైకి చెప్పేదానికంటే లోపల మింగేసేదే ఆవిడ చెవికి ఎక్కువ వినపడుతుంది. గొడుగు కోసం వచ్చినవాడు “నల్లదండీ” అన్నాడంటే అది అతనిదే. “నల్లది, పిడి మీద చిన్న గీత ఉంటుంది, మూడో పుల్ల కొంచెం వంగింది” అన్నాడంటే మాత్రం దొరికిందమ్మ కళ్ళజోడు పైనుంచి చూసేది. సొంత గొడుగుని ఎవడు అంత పట్టిపట్టి చూస్తాడు? అలాంటివాణ్ణి రెండు ప్రశ్నలు వేస్తే నీళ్ళు నమిలి జారుకునేవాడు. నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఆవిడ అంచనా తప్పేది కాదు.

మిగిలిన ఆ ఒక్కసారీ కూడా తప్పింది అంచనా కాదు. దాన్ని పక్కన పెట్టి రూలు పుస్తకం మాట విన్నది, అంతే. ఏడేళ్ళ కిందట ఒకతను నీలం చేతిసంచి కోసం వచ్చాడు. లోపల ఇంటి కాగితాల ఫైలు, విరిగిన కాడకి దారం చుట్టిన కళ్ళజోడు, చంటిపిల్ల టీకాల కార్డు ఉన్నాయని గడగడా అప్పజెప్పాడు. అన్నీ సరిపోయాయి. దొరికిందమ్మకి ఎందుకో మనసు పీకింది. కానీ లోపలి వస్తువులు మూడు సరిగ్గా చెప్పినవారే సొంతదారు అని రూలు పుస్తకంలో రాసి ఉంది. సంతకం పెట్టించుకుని సంచి ఇచ్చేసింది. రెండు గంటల తర్వాత, చంటిపిల్లని చంకనేసుకుని అసలావిడ వచ్చింది. సంచి పట్టుకెళ్ళినవాడు ఆవిడ మరిది. ఆ ఇంటి మీదే వాళ్ళకి తగాదా నడుస్తోంది.

“సంచిలో ఏముందో ఇంట్లోవాళ్ళకి తెలియదా అమ్మా?” అందావిడ.

పైవాళ్ళు విచారణ జరిపారు. రూలు ప్రకారమే ఇచ్చారు కాబట్టి ఎవరి తప్పూ లేదని రాసుకుని చేతులు దులుపుకున్నారు. ఆ పిల్లతల్లి మరో మూడుసార్లు కిటికీ దగ్గరికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అదే మాట. “ఇప్పుడు నేనెవర్ని అడగాలి? ఏమని అడగాలి?” దొరికిందమ్మకి తెలియదు. ఆ తర్వాత ఆవిడ రావడం మానేసింది. ఇల్లు మరిది పాలైందని ఎవరో కండక్టరు చెప్పాడు. ఆ రెండు ప్రశ్నలూ మాత్రం దొరికిందమ్మని వదల్లేదు. నలభై దాటాక, ఇంట్లోవాళ్ళూ బయటివాళ్ళూ నోరు వెళ్ళబెడుతుండగా, లా చదువుతానంది.

ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం ఊళ్ళో సాయంత్రం లా కాలేజీ ఒకటి ఉంది. అందులో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎవరికైనా మూడు అవకాశాలే. మూడోసారీ తప్పితే ఆ గుమ్మం ఇక మరిచిపోవాల్సిందే. భాష, సామాన్య జ్ఞానం దొరికిందమ్మకి మంచినీళ్ళప్రాయం. కొంప ముంచేదల్లా లాజికల్ రీజనింగ్. అందులో నలభై ప్రశ్నలకి కనీసం ఇరవై నాలుగు రావాలి. మొదటి ఏడాది పదిహేను వచ్చాయి, రెండో ఏడాది ఇరవై ఒకటి. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక్క అవకాశం, పది వారాల గడువు.

తెలివితేటలకేం లోటు లేదు. ఆవిడ చిక్కల్లా వేరు. ‘ఈ స్టేషను నుంచి బయలుదేరే బస్సులన్నీ సమయానికే బయలుదేరతాయి. ఎర్ర బస్సు ఈ స్టేషను నుంచి బయలుదేరుతుంది. అయితే ఏది తప్పకుండా నిజం?’ అని ఒక ప్రశ్న. బడిపిల్లలు కూడా ఎర్ర బస్సు సమయానికి బయలుదేరుతుందని టిక్కు పెట్టేస్తారు. దొరికిందమ్మ ‘చెప్పలేం’ అన్నదానికి పెట్టింది. పదహారేళ్ళు బస్టాండులో కూర్చున్న మనిషి చేత ఇంకేం పెట్టించగలరు?

ఆదివారం పొద్దున కోచింగు. అక్కడి లాజిక్కు సారు ఆవిడ పేపరు చూసి తల పట్టుకునేవాడు.

“అమ్మా, ప్రశ్నలో ఇచ్చింది నిజమనుకోండి చాలు. ప్రపంచాన్ని బయట వదిలేసి రండి.”

“బయట వదిలేస్తే సాయంత్రానికి నా కిటికీ దగ్గరికే తెచ్చి పడేస్తారు సార్,” అంది దొరికిందమ్మ.

క్లాసంతా గొల్లుమంది. సారు కూడా నవ్వాడు. నవ్వితే మార్కులు రావు కదా. అసలు సంగతి ఏమిటంటే, కాగితం మీద రాసి ఉన్న వాక్యాన్ని నమ్మమంటేనే ఆవిడకి ఒళ్ళు మండేది. ఒకసారి నమ్మితే ఒక పిల్లతల్లికి నిలువ నీడ లేకుండా పోయింది. ఆ మాట సారుకి చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త దూరప్రాంతాల బస్సు డ్రైవరు. రెండు రోజులు రోడ్డు మీద, ఒక రోజు మంచం మీద. మూడో మనిషి అత్తగారు. డెబ్బై నాలుగేళ్ళు, పుల్లలాంటి మనిషి, తంతి ఆఫీసులో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసి రిటైరైంది. అవతలి ఊరి నుంచి తీగ మీద టకటకమంటూ వచ్చే కబురుని విని, అక్షరం పోకుండా, అక్షరం పెరగకుండా కాగితం మీద పెట్టడం ఆవిడ పని. ఇప్పుడు తంతులూ లేవు, ఆ ఆఫీసూ లేదు. ఆ అలవాటు మాత్రం ఆవిడ ఒంట్లోనే ఉండిపోయింది.

ఆవిడతో వేగడం మాటలు కాదు. అన్న మాటకి అంగుళం అటూ ఇటూ జరగదు. ఓసారి కోడలు “వంట నేను చూసుకుంటాను, మీరు కూర్చోండి అత్తయ్యా” అని పక్కింటికి వెళ్ళింది. వచ్చేసరికి స్టవ్వు మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా పొగ. అత్తగారు రెండడుగుల దూరంలో కుర్చీలో కూర్చునే ఉంది. “కూర్చోమన్నావు, కూర్చున్నాను,” అంది. ఇంకోసారి కొడుకు “ఐదు నిమిషాల్లో వస్తానమ్మా” అని వెళ్ళి గంటకి వస్తే, మిగతా యాభై ఐదు నిమిషాలు ఎక్కడున్నావో విడిగా చెప్పమంది. పద్దెనిమిదేళ్ళుగా కోడలి చేతి వంట తింటూ ఒక్కనాడూ బాగుందని అనలేదు. తనంటే ఆవిడకి గిట్టదని దొరికిందమ్మ కాపురానికొచ్చిన మొదటి నెలలోనే తేల్చేసుకుంది. మింగేసిన మాటలు వినే చెవి కదా!

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర అత్తగారు బఠానీలు ఒలుస్తోంది. ఎదురుగా దొరికిందమ్మ ప్రాక్టీసు పుస్తకం ముందేసుకుని, అలవాటు కొద్దీ పైకి చదువుకుంటోంది.

“గొడుగు మరిచిపోయేవాళ్ళందరూ మతిమరుపు మనుషులే. మతిమరుపు మనుషులెవరూ తాళాలు బాగుచేయలేరు. కాబట్టి, ఎ, గొడుగు మరిచిపోయేవాళ్ళలో కొందరు తాళాలు బాగుచేయగలరు. బి, గొడుగు మరిచిపోయేవాళ్ళెవరూ తాళాలు బాగుచేయలేరు. సి...” అంటూ ఆగిపోయి పెన్సిలు బల్ల మీద కొట్టింది. “ఏం రాతలివి! వాన వెలిస్తే ఎవరైనా గొడుగు మరిచిపోతారు. దానికి మతిమరుపెందుకు? మా బస్టాండు ఎదురుగా తాళాలు చేసే ఆయనే మూడు గొడుగులు పోగొట్టుకున్నాడు.”

“రెండోది,” అంది అత్తగారు తలెత్తకుండా.

“ఏంటత్తయ్యా?”

“రెండో జవాబు. గొడుగువాళ్ళెవరూ తాళాలు బాగుచేయలేరు.”

దొరికిందమ్మ పుస్తకం వెనక్కి తిప్పి చూసింది. బి. కాకతాళీయం అనుకుని ఇంకోటి చదివింది. అత్తగారు ఒక కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, జవాబు చెప్పింది. అదీ కరెక్టే. వరసగా ఆరు చదివితే ఆరూ కరెక్టే.

“మీకెలా తెలుసు?”

“అందులో చెప్పారుగా.”

“చెప్పింది నిజం కాదు కదా అత్తయ్యా!”

“నిజమా కాదా అని నన్నడగలేదు. అది నిజమైతే ఇంకేం నిజమవుతుందని అడిగారు. అడిగినదానికి చెప్పాను.”

దొరికిందమ్మకి చిర్రెత్తుకొచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా తన ప్రాణాలు తోడేస్తున్న గుణానికి లా కాలేజీవాళ్ళు మార్కులిస్తారా! ఓ పక్క కోపం, ఓ పక్క ఆశ. సాయంత్రం దాకా ఆ రెండూ కొట్టుకున్నాయి. చివరికి టీ గ్లాసు అత్తగారి ముందు పెట్టి, “నాకు నేర్పుతారా అత్తయ్యా?” అని అడిగింది.

“నేర్పడం నాకు రాదు. తప్పు పట్టుకోవడం వచ్చు.”

“అది నాకు తెలుసులెండి,” అంది కోడలు.

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. డ్యూటీ దిగి వచ్చాక ఐదింటి నుంచి ఆరున్నర దాకా, వంటింటి బల్ల మీద. అత్తగారి పద్ధతి ఒకటే. ప్రశ్నలో ఉన్న నాలుగు వాక్యాలూ చదవాలి. పుస్తకం మూయాలి. చదివినదాన్ని తంతి కొట్టినట్టు వీలైనన్ని తక్కువ మాటల్లో తిరిగి చెప్పాలి. అందులో లేనిది ఒక్క ముక్క కలిసినా, అత్తగారు పక్కనున్న గిన్నెలోంచి ఎండు బఠానీ గింజ ఒకటి తీసి కోడలి ముందు పెట్టేది.

“కొత్త రోడ్డు వేశారు. తర్వాత ప్రమాదాలు తగ్గాయి. రోడ్డు వల్లే తగ్గాయంటున్నాడు కాంట్రాక్టరు,” అంది దొరికిందమ్మ మొదటిరోజు.

టప్పున ఒక గింజ. “కాంట్రాక్టరు ఎక్కణ్ణుంచి వచ్చాడు?”

“రోడ్డు వేసింది అతనేగా. అతను కాక ఇంకెవరంటారు ఆ మాట?”

ఇంకో గింజ.

“మీరు మరీ అన్యాయం అత్తయ్యా. అది ప్రశ్న గురించి కాదు, మీతో అన్నాను.”

“పుస్తకం మూసి ఉంది,” అంటూ అత్తగారు మూడోది పెట్టింది.

ఆ రోజు లెక్కపెడితే ముప్ఫై ఆరు గింజలు. మంచం రోజున భర్త వచ్చి ఆ కుప్ప చూసి, “ఇవాళ్టికి వంట ఇదేనా?” అన్నాడు. సరదాపడి తనూ ఒక ప్రశ్నకి కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో పదకొండు గింజలు పడేసరికి దణ్ణం పెట్టి లేచిపోయాడు. ఈ ఇంట్లో పుట్టి ఎలా బతికి బయటపడ్డానో అనుకుంటూ ముసుగు తన్నాడు.

పాఠం మధ్యలో అత్తగారు తంతి ఆఫీసు కబుర్లు ఒకటీ అరా చెప్పేది. “తంతి వచ్చిందంటే చాలు, చదవకముందే ఏడుపు లంకించుకునేవాళ్ళు. సగం తంతులు ఉద్యోగం వచ్చిందనో, పిల్ల పుట్టిందనో. ఏడుపయ్యేదాకా ఆగి అప్పుడు చదివి వినిపించేవాళ్ళు మావాళ్ళు.” దొరికిందమ్మ నవ్వేది. నవ్వుతూనే, తనూ ప్రశ్న చివరిదాకా చదవకుండానే కత్తి దూస్తోందని గ్రహించేది.

గింజలు తగ్గుతూ వచ్చాయి. మార్కులే మొండికేశాయి. ప్రతి శనివారం నలభై ప్రశ్నల పేపరు ఒకటి రాసి చూసుకునేది. ఇరవై, ఇరవై రెండు, ఇరవై రెండు. ఆరో వారం మళ్ళీ ఇరవై రెండే. తప్పు పోయినవి తిరగేస్తే అన్నీ ఒకే బాపతు. ఎక్కడ రూలు అనే మాట కనపడినా, ఎక్కడ ఆఫీసు అనే మాట కనపడినా ఆవిడ పెన్సిలు అడ్డం తిరిగేది. “రూలు పాటించినవారందరూ నిర్దోషులే” అన్న వాక్యం దగ్గర అసలు టిక్కే పెట్టలేదు. ఆ ప్రశ్న మీద అడ్డంగా గీత కొట్టేసింది.

“ఇదేమిటి?” అంది అత్తగారు ఆ గీత మీద వేలు పెట్టి.

దొరికిందమ్మ పెన్సిలు బల్ల మీద పడేసింది. తర్వాత ఒక్కసారిగా బయటపడింది. నీలం సంచి, దారం చుట్టిన కళ్ళజోడు, మరిది, చంకలో పిల్ల, ఏమని అడగాలి అన్న మాట, ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పనిదంతా చెప్పేసింది. “రాసి ఉన్నదాన్ని నమ్మితే ఏమవుతుందో నాకు తెలుసత్తయ్యా. నన్ను మళ్ళీ నమ్మమంటే ఎలా? నావల్ల కాదు. ఇరవై రెండు దగ్గరే ఆగిపోతాను. ఇదే ఆఖరిసారి,” అంటూ ఏడ్చేసింది.

అత్తగారు ఓదార్చలేదు. గిన్నెలో గింజల్ని వేలితో కాసేపు అటూ ఇటూ జరిపింది.

“నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు,” అంది. “మా వీధిలో ఒకమ్మాయికి తంతి వచ్చింది. ‘వెంటనే బయలుదేరి రండి.’ ఇంకేం లేదు. ఇంటికెళ్ళే దారే కదా అని నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ పిల్ల నిండు నెలల మనిషి. వణికిపోయింది. మా నాన్నకేమన్నా అయిందా అక్కా అంది. చూళ్ళేకపోయాను. ఏం కాదులే, అలాంటిదైతే రాసేవాళ్ళుగా, పొద్దున వెళ్దువుగాని అన్నాను.”

“పొద్దున వెళ్ళిందా?”

“వెళ్ళింది. చివరిచూపు దక్కలేదు. తిరిగొచ్చాక నన్ను ఒక్కటే అడిగింది. అందులో లేని మాట ఎందుకు కలిపావక్కా అని.” అత్తగారు గిన్నె పక్కకి జరిపింది. “ఆ తర్వాత నేను ఎవరికీ ఏమీ కలపలేదు.”

దొరికిందమ్మ కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి ఆవిడ వైపే చూస్తోంది. పద్దెనిమిదేళ్ళలో అత్తగారు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు.

“నిన్ను నమ్మమని ఎవరన్నారు?” అంది అత్తగారు మళ్ళీ తన మామూలు గొంతుతో. “వినమన్నారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, ఆఖరిదాకా. విన్నాక అది ఎక్కడ విరుగుతుందో చూడు. వినకుండా విరగ్గొడితే నువ్వు విరగ్గొట్టేది వాళ్ళ మాట కాదు, నువ్వు ఊహించుకున్న మాట.”

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఎక్కడి ధైర్యం వచ్చిందో, “ఒకటి అడగనా అత్తయ్యా? నా వంట బాగుందని మీరు ఏనాడూ అనలేదు. నేనంటే గిట్టదనుకున్నాను,” అంది.

“బాగాలేదన్నానా?”

“లేదు.”

“కంచంలో ఎప్పుడన్నా మెతుకు మిగిల్చానా?”

దొరికిందమ్మ ఆలోచించింది. అత్తగారి కంచం ఏ రోజు చూసినా తుడిచినట్టే ఉండేది. అది తనే కడిగేది. “లేదు,” అంది.

“మరి గిట్టదని ఎక్కడ రాసి ఉంది?”

అత్తగారు గిన్నెలోంచి గుప్పెడు గింజలు తీసి కోడలి ముందు కుప్పగా పోసింది. “పద్దెనిమిదేళ్ళవి,” అంది. దొరికిందమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ అయ్యాక, గీత కొట్టేసిన ప్రశ్నని మళ్ళీ మొదటి నుంచి చదివింది.

ఆ శనివారం ఇరవై ఆరు వచ్చాయి. పై వారం ఇరవై ఐదు, ఆ పై వారం ఇరవై ఎనిమిది. చివరి వారం ఒక సాయంత్రం గింజలు రెండే పడ్డాయి. అందులో ఒకటి అన్యాయంగా పడిందని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

పరీక్ష ఒక హైస్కూల్లో. చిన్నపిల్లల బెంచీలు కావడంతో మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది, ఆవిడ గదిలోకి రాగానే పర్యవేక్షకురాలనుకుని లేచి నిలబడ్డారు. భాష, సామాన్య జ్ఞానం గబగబా అయిపోయాయి. లాజికల్ రీజనింగ్ ఇరవై ఆరు దాకా సాఫీగా నడిచింది. ఇరవై ఏడో ప్రశ్న మొదటి వాక్యం దగ్గర ఆవిడ పెన్సిలు నిలిచిపోయింది.

‘సంచిలో ఏముందో దాని సొంతదారుకి తప్ప మరెవరికీ తెలియదు. పోయిన వస్తువుల కార్యాలయానికి వచ్చిన వ్యక్తికి సంచిలో ఏముందో తెలుసు. పై రెండూ నిజమైతే, కింది వాటిలో ఏది తప్పకుండా నిజం?’

ఎ, ఆ వ్యక్తే సొంతదారు. బి, ఆ వ్యక్తి సొంతదారు బంధువు కావచ్చు కాబట్టి సంచి ఇవ్వకూడదు. మిగతా రెండూ చూడక్కర్లేదు. బి అనేది ఆవిడ ఏడేళ్ళుగా మోస్తున్న నిజం. ఎ అంటే ఆ రోజు సంతకం పెట్టించుకున్న రూలు పుస్తకం. అటు టిక్కు పెడితే ఆ పిల్లతల్లి కిటికీ అవతల నిలబడి చూస్తున్నట్టే ఉంది. దొరికిందమ్మ కళ్ళు మూసుకుని తంతి కొట్టింది. సొంతదారుకే తెలుసు. ఇతనికి తెలుసు. అంతే ఉంది. మరిది లేడు, తగాదా లేదు, చంటిపిల్ల లేదు. అవన్నీ తను తెచ్చుకున్నవి. కళ్ళు తెరిచి ఎ మీద టిక్కు పెట్టింది.

ఇరవై ఎనిమిదో ప్రశ్న కూడా అదే సంచి మీద. ‘పై వాదనని బట్టి కార్యాలయం సంచిని ఆ వ్యక్తికి ఇచ్చేసింది. కింది వాటిలో ఏది నిజమైతే ఈ వాదన బలహీనపడుతుంది?’ నాలుగో జవాబు ఇలా ఉంది: ‘సొంతదారు ఇంట్లోవాళ్ళకి కూడా సంచిలో ఏముందో తెలిసే వీలుంది.’

ఆ వాక్యం మీద ఆవిడ చూపు ఆగిపోయింది. సంచిలో ఏముందో ఇంట్లోవాళ్ళకి తెలియదా అమ్మా? పిల్లతల్లి ఆ రోజు అన్నది ఇదే. లా చదువుకోకపోయినా ఆవిడకి ఆ రూలు ఎక్కడ విరుగుతుందో తెలుసు. దాన్ని ఎవరి ముందు, ఏమని పెట్టాలో చెప్పే మనిషే దొరకలేదు. రూలు పాటించారా అని విచారణలో అందరూ అడిగారు. రూలు దేన్ని నమ్ముకుని నిలబడిందని ఒక్కరూ అడగలేదు, కిటికీ ఇవతల ఉన్న తనతో సహా. దొరికిందమ్మ నాలుగో జవాబు మీద టిక్కు పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఇంకా పన్నెండు ప్రశ్నలున్నాయని గుర్తొచ్చి పేజీ తిప్పింది.

మూడు వారాల తర్వాత కాలేజీ గోడకి జాబితా అంటించారు. భర్త రోడ్డు మీద ఉన్నాడు. “నేనూ వస్తాను,” అంది అత్తగారు, చేతిసంచిలో భూతద్దం వేసుకుని. గోడ దగ్గర జనం తోసుకుంటున్నారు. పెద్దావిడని చూసి దారి ఇచ్చారు. దొరికిందమ్మ మాత్రం రెండు బారల దూరంలోనే నిలబడిపోయింది.

అత్తగారు భూతద్దం పట్టుకుని పైనుంచి మొదలుపెట్టింది. వేలు ఒక్కో వరసా దిగుతోంది. ఎక్కడా తొందర లేదు, ఒక్క వరస కూడా వదలడం లేదు. మొదటి కాగితం అయిపోయింది. రెండో కాగితం సగంలో వేలు ఆగింది. వెనక నిలబడ్డవాళ్ళకి ఆవిడ మొహం కనపడదు. ఆగిన వేలే కనపడుతుంది. దొరికిందమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

“చదవకముందే ఏడుస్తావేం?” అంది అత్తగారు తిరక్కుండానే.

“ఉందా అత్తయ్యా?”

“ఉండు. చదవనీ.” భూతద్దం ఇంకాస్త దగ్గరికి జరిపింది. “నాలుగు, సున్నా, రెండు, తొమ్మిది. లాజికల్ రీజనింగ్ ముప్ఫై ఒకటి. ఎంపికయ్యారు.”

ఒకసారి చదివాక మళ్ళీ మొదటి అంకె నుంచి సరిచూసుకుంది. అలవాటు. తర్వాత భూతద్దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. కానీ గోడ దగ్గర్నుంచి కదల్లేదు. ఆ కాగితం వైపే చూస్తూ ఉంది.

“నువ్వు మంచి లాయరువి అవుతావు,” అంది.

దొరికిందమ్మ ముక్కు తుడుచుకుని దగ్గరికి వచ్చింది. కాగితం మీద ఆ వరస వెతికి పట్టుకుంది. నంబరు ఉంది, మార్కులున్నాయి, పక్కన ఒక్క మాట ఉంది.

“అది కూడా ఇందులో రాసి ఉందా అత్తయ్యా?”

“లేదు,” అంది అత్తగారు. “అది నేను కలిపాను.”